మూసి ఉంచిన పోర్టు వృథా కాదు
నెట్‌వర్క్ స్విచ్‌లు ఏ దారి తెరవాలో, ఏ దారి మూయాలో ఎలా నిర్ణయించుకుంటాయి?

బడులకూ, హాస్టళ్లకూ, ఆసుపత్రులకూ దాతలు ఇచ్చే వాటిలో ఇప్పుడు కంప్యూటర్లు, వాటిని కలిపే స్విచ్‌లు, కేబుళ్లు కూడా చేరాయి. గది కట్టిస్తే గోడ కనబడుతుంది. బోరు వేయిస్తే నీళ్లు కనబడతాయి. నెట్‌వర్కుకు ఇచ్చిన డబ్బు మాత్రం ఒక మూల ఇనుప పెట్టెలో మినుకుమినుకుమనే దీపాలుగా తప్ప కంటికి ఆనదు. ఆ దీపాలు చూడవచ్చిన పెద్దలు మమ్మల్ని తరచు అడిగే మాట ఒకటుంది. "అన్నీ పచ్చగా వెలుగుతున్నాయి కదా, ఈ ఒక్కటి నారింజ రంగులో ఉందేమిటి సార్? కేబుల్ చెడిపోయిందా?" కేబుల్ బాగానే ఉంది, ఆ పోర్టును స్విచ్చే కావాలని మూసి ఉంచింది అని మేము జవాబిస్తే వెంటనే రెండో ప్రశ్న వస్తుంది. "వాడని కేబుల్‌కు డబ్బెందుకు పెట్టినట్టు?"

ఇది న్యాయమైన ప్రశ్న. ఇచ్చిన ప్రతి రూపాయి ఎక్కడికి వెళ్లిందో తెలుసుకునే హక్కు ఇచ్చినవారికి ఉంది. ఆ మూసిన పోర్టు వెనుక ఒక చక్కని లెక్క ఉంది. నాలుగో తరగతి కూడికలు వచ్చినవారెవరైనా ఆ లెక్క చేయగలరు. తరగతిలో పిల్లలకు చెప్పినట్టే మెట్టు మెట్టుగా చెబుతాము.

స్విచ్ చేసే పని

ప్రతి కంప్యూటర్‌కూ, ప్రతి స్విచ్‌కూ తయారైన చోటే ఒక సంఖ్య ఇస్తారు. దాన్ని మ్యాక్ అడ్రస్ అంటారు. కంప్యూటర్ పంపే సమాచారం చిన్న చిన్న మూటలుగా వెళుతుంది. ఒక్కో మూటను ఫ్రేమ్ అంటారు. దాని మీద పంపినవారి సంఖ్య, అందుకోవలసినవారి సంఖ్య ఉంటాయి.

ఫ్రేమ్ వచ్చినప్పుడు స్విచ్ ముందుగా పంపినవారి సంఖ్యను, అది వచ్చిన పోర్టును తన పట్టికలో రాసుకుంటుంది. తరవాత అందుకోవలసినవారు ఏ పోర్టు వైపు ఉన్నారో పట్టికలో వెతికి, దొరికితే ఆ ఒక్క పోర్టుకే పంపుతుంది. దొరకకపోతే వచ్చిన పోర్టును విడిచి మిగతా పోర్టులన్నిటికీ పంపుతుంది. అందరికీ ఉద్దేశించిన ప్రకటన అయితే ఎప్పుడూ అలాగే అన్ని పోర్టులకూ పంపుతుంది. దీన్ని బ్రాడ్‌కాస్ట్ అంటారు. కంప్యూటర్లు ఒకదాన్నొకటి కనుక్కోవడానికి ఇలాంటి ప్రకటనలు రోజంతా చేస్తూనే ఉంటాయి.

ఒకే స్విచ్ ఉన్నంతకాలం చిక్కేమీ లేదు. రెండు మూడు స్విచ్‌లు కలిపి, వాటి మధ్య దారి గుండ్రంగా తిరిగి వచ్చేలా కేబుళ్లు వేస్తే అసలు ప్రమాదం మొదలవుతుంది.

దారి గుండ్రంగా తిరిగితే

ఒక వాడలో దావత్ కబురు చెప్పాలనుకుందాం. కబురు అందినవారు, తెచ్చిన ఇంటిని విడిచి తమకు ఆనుకుని ఉన్న మిగతా ఇళ్లకు చెప్పాలి. నియమం అంతే. ఇళ్లు ఒకే వరుసలో ఉంటే కబురు చివరి ఇంటికి చేరి ఆగిపోతుంది. ఇళ్లు బావి చుట్టూ గుండ్రంగా ఉంటే మాత్రం కబురు చివరి ఇంటి నుంచి మళ్లీ మొదటి ఇంటికి వస్తుంది. మనుషులైతే "విన్నాంలే, ఇందాకే చెప్పారు" అని ఊరుకుంటారు. స్విచ్‌కు ఆ జ్ఞాపకం ఉండదు. తాను ముందే పంపిన ఫ్రేమ్ తిరిగి వచ్చినా దానికి కొత్తదే. మళ్లీ అన్ని వైపులకూ పంపుతుంది. ఒక ప్రతి కుడి వైపు నుంచి, ఇంకొకటి ఎడమ వైపు నుంచి ఆగకుండా తిరుగుతుంటాయి. గుండ్రాలు రెండు మూడు ఉంటే ప్రతులు రెట్టింపవుతూ పోతాయి.

ఇంటర్నెట్‌లో తిరిగే ప్యాకెట్ల మీద ఒక అంకె ఉంటుంది. రౌటర్ దాటిన ప్రతిసారీ అది తగ్గుతూ వస్తుంది, సున్నా అయితే ఆ ప్యాకెట్‌ను పారేస్తారు. ఈథర్నెట్ ఫ్రేమ్ మీద అలాంటి అంకె ఏదీ లేదు. అందుకే గుండ్రంలో చిక్కిన ఫ్రేమ్ ఎవరైనా కేబుల్ పీకేదాకా తిరుగుతూనే ఉంటుంది. ఒక గిగాబిట్ కేబుల్ మీద సెకనుకు 14 లక్షలకు పైగా చిన్న ఫ్రేములు పోగలవు. ఆ జాగా అంతా తిరుగుడు ఫ్రేములతోనే నిండిపోతుంది. పైగా ఒకే కంప్యూటర్ ఫ్రేమ్ ఒకసారి ఈ పోర్టు నుంచి, మరుక్షణం ఆ పోర్టు నుంచి రావడంతో స్విచ్ పట్టికలన్నీ తారుమారవుతాయి. కొన్ని క్షణాల్లో భవనం మొత్తానికి నెట్‌వర్క్ నిలిచిపోతుంది. దీనికి బ్రాడ్‌కాస్ట్ తుఫాను అని పేరు.

అలాంటప్పుడు గుండ్రమే రాకుండా కేబుళ్లు వేస్తే సరిపోదా? సరిపోతుంది. కానీ అప్పుడు ప్రతి స్విచ్‌కూ ఒకే దారి ఉంటుంది. ఆ ఒక్క కేబుల్‌ను ఎలుక కొరికినా, గోడకు మేకు కొడుతూ ఎవరైనా తెంచినా అవతలి గదులన్నీ విడిపోతాయి. రెండో దారి కావాలి, గుండ్రం మాత్రం రాకూడదు. చూడడానికి పొసగని ఈ రెండు కోరికలనూ ఒక నియమం పొసగేలా చేసింది.

రాడియా పెర్ల్‌మన్ ఉపాయం

ఆ నియమాన్ని రూపొందించినవారు రాడియా పెర్ల్‌మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తూ 1985లో ఆమె దీన్ని ప్రచురించారు. ఉపాధ్యాయులుగా మాకు ఆమె మీద మరో గౌరవం కూడా ఉంది. అంతకు ముందు 1970లలో ఎం.ఐ.టి.లో ఉన్నప్పుడు, ఇంకా చదవడం రాని పసిపిల్లలు కూడా ప్రోగ్రామింగ్ నేర్చుకునేలా ఆమె ఒక సాధనాన్ని తయారు చేశారు. పెద్ద సంగతిని తేలిక చేసి చెప్పే గుణం ఆమె నియమంలోనూ కనబడుతుంది. 1990లో ఐఈఈఈ సంస్థ దాన్ని 802.1డి అనే ప్రమాణంగా స్వీకరించింది. దాని పేరు స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్.

ట్రీ అంటే చెట్టు. చెట్టులో ఏ కొమ్మ నుంచైనా వేరు దాకా ఒకే దారి ఉంటుంది. కొమ్మలు విడిపోతాయి కానీ మళ్లీ కలుసుకోవు. కాబట్టి గుండ్రానికి చోటు లేదు. స్పానింగ్ అంటే ఏ స్విచ్‌నూ వదలకుండా అన్నిటినీ కలుపుకుని ఉండడం. కేబుళ్లు ఎన్ని ఉన్నా వాటిలో ఒక చెట్టుకు సరిపడే కేబుళ్ల మీదే సమాచారం నడిపించి, మిగతావాటిని ఒక కొసన మూసి ఉంచడం ఈ నియమం పని. నాలుగు స్విచ్‌లకు మూడు కేబుళ్లు చాలు. అయిదు కేబుళ్లు ఉంటే రెండు పోర్టులు మూతపడాలి. ఏ రెండు అన్నదే ప్రశ్న.

ఇందులో పైనుంచి ఆజ్ఞాపించే యంత్రం ఏదీ ఉండదు. స్విచ్‌లు రెండు సెకన్లకొకసారి పక్క స్విచ్‌లతో చిన్న కబుర్లు మార్చుకుంటాయి. ఆ కబురు పేరు బీపీడీయూ. అందులో ముఖ్యంగా నాలుగు సంగతులు ఉంటాయి. నాకు తెలిసినంతలో వేరు ఎవరు, ఆ వేరుకు నా నుంచి ఎంత ఖర్చు, నేను ఎవరు, ఈ కబురు నా ఏ పోర్టు నుంచి వస్తోంది. రెండు కబుర్లలో ఏది మేలని తేల్చాలంటే ఈ నాలుగింటినీ ఇదే వరుసలో పోల్చాలి. తక్కువ సంఖ్య ఉన్నది గెలుస్తుంది. నియమం మొత్తం ఈ పోలికలోనే ఉంది.

మొదటి మెట్టు: వేరు ఎవరు?

ఒక బడి అనుకుందాం. ఆఫీసు గదిలో ఒక స్విచ్, కంప్యూటర్ ల్యాబ్‌లో ఒకటి, లైబ్రరీలో ఒకటి ఉన్నాయి. ఆఫీసు నుంచి ల్యాబ్‌కు ఒక కేబుల్, ఆఫీసు నుంచి లైబ్రరీకి ఒకటి, ల్యాబ్ నుంచి లైబ్రరీకి ఒకటి. మూడు మూలల గుండ్రం తయారైంది.

ప్రతి స్విచ్‌కూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. దానికి రెండు భాగాలు. ముందు ప్రయారిటీ, వెనుక మ్యాక్ అడ్రస్. ఎవరూ మార్చకపోతే ప్రయారిటీ అన్నిటికీ 32768గానే ఉంటుంది. అప్పుడు పోటీ మ్యాక్ అడ్రస్ మీద తేలుతుంది. లెక్క తేలికగా ఉండడానికి ఆఫీసు స్విచ్ సంఖ్య 10, ల్యాబ్ స్విచ్ 20, లైబ్రరీ స్విచ్ 30 అనుకుందాం.

కరెంటు వచ్చిన వెంటనే ప్రతి స్విచ్చూ "వేరును నేనే" అని ప్రకటించుకుంటుంది. కమిటీలో సభ్యులందరూ అధ్యక్షపదవికి నిలబడినట్టు. ల్యాబ్ మాట విన్న లైబ్రరీ, 20 కంటే తన 30 పెద్దది కాబట్టి తన దావా మానుకుంటుంది. ఆఫీసు మాట విన్న ల్యాబ్ కూడా తన దావా మానుకుంటుంది. కాసేపట్లో అందరూ ఆఫీసు స్విచ్‌నే వేరుగా ఒప్పుకుంటారు. దీన్ని రూట్ స్విచ్ అంటారు.

రెండో మెట్టు: వేరుకు చేరే మేలైన దారి

రూట్ కాని ప్రతి స్విచ్చూ, రూట్‌ను అన్నిటికంటే తక్కువ ఖర్చుతో చేర్చే పోర్టు ఒక్కదాన్ని ఎంచుకుంటుంది. దాని పేరు రూట్ పోర్టు. ఖర్చు అంటే కేబుల్ పొడవు కాదు, వేగం. వేగం పెరిగేకొద్దీ ఖర్చు తగ్గుతుంది. పాత పట్టికలో 10 మెగాబిట్ల కేబుల్‌కు 100, 100 మెగాబిట్లకు 19, గిగాబిట్‌కు 4, 10 గిగాబిట్లకు 2. తరవాత వేగాలు బాగా పెరగడంతో గిగాబిట్‌కు 20000 అనే పెద్ద అంకెల పట్టిక కూడా వచ్చింది. పద్ధతి ఒకటే గనుక చిన్న అంకెలతోనే లెక్క చేద్దాం.

మన మూడు కేబుళ్లూ గిగాబిట్‌వే అనుకుంటే, ల్యాబ్‌కు నేరుగా ఆఫీసుకు వెళ్లే ఖర్చు 4. లైబ్రరీ మీదుగా తిరిగి వెళితే 8. కాబట్టి ఆఫీసు వైపు ఉన్న పోర్టే దాని రూట్ పోర్టు. లైబ్రరీకీ అంతే.

ఇప్పుడు ఆఫీసు నుంచి లైబ్రరీకి వేసిన కేబుల్ పాత 100 మెగాబిట్లది అనుకుందాం. లైబ్రరీ నేరుగా వెళితే ఖర్చు 19. ల్యాబ్ మీదుగా తిరిగి వెళితే నాలుగూ నాలుగూ ఎనిమిది. పందొమ్మిది కంటే ఎనిమిది తక్కువ. అందుకని లైబ్రరీ తన ఎదుటనే ఉన్న దగ్గరి దారిని కాదని చుట్టుదారిని ఎంచుకుంటుంది. ఊరి మధ్య ఇరుకు సందు కంటే బైపాస్ మీదుగా వెళ్లడం మేలనుకునే లారీ డ్రైవర్ లాంటిదే ఈ నిర్ణయం. "ఇంత దగ్గరి కేబుల్‌ను ఎందుకు మూసింది?" అని చూసినవారు ఆశ్చర్యపోతారు. దాని లెక్కలో తప్పు లేదు.

మూడో మెట్టు: ప్రతి కేబుల్‌కూ ఒక బాధ్యుడు

మళ్లీ మూడు కేబుళ్లూ గిగాబిట్‌వే అనుకుందాం. ప్రతి కేబుల్‌కూ రెండు కొసలు ఉంటాయి. రూట్‌కు దగ్గరగా ఉన్న కొస ఆ కేబుల్‌కు బాధ్యత తీసుకుంటుంది. దాన్ని డెసిగ్నేటెడ్ పోర్టు అంటారు. రూట్ స్విచ్‌కు ఖర్చు సున్నా. కనుక దాని పోర్టులన్నీ డెసిగ్నేటెడ్ పోర్టులే.

ఇక మిగిలింది ల్యాబ్‌కూ లైబ్రరీకీ మధ్య కేబుల్. ల్యాబ్ ఖర్చు 4, లైబ్రరీ ఖర్చు కూడా 4. ఖర్చులు సమానమైతే పోలికలో మూడో సంగతికి వెళ్లాలి, అంటే స్విచ్ గుర్తింపు సంఖ్యకు. ల్యాబ్‌ది 20, లైబ్రరీది 30. ల్యాబ్ కొస గెలిచి డెసిగ్నేటెడ్ పోర్టు అవుతుంది. లైబ్రరీ కొస రూట్ పోర్టు కాదు, డెసిగ్నేటెడ్ పోర్టూ కాదు. ఏ బాధ్యతా దక్కని పోర్టు మూతపడుతుంది. అదే ఆ నారింజ దీపం.

గమనించండి, కేబుల్‌కు ఒక కొసే మూతపడింది. రెండో కొస తెరిచే ఉంది. గుండ్రం తెగడానికి ఒక్క చోట మూస్తే చాలు.

సమానాలు ఎదురైనప్పుడు

బడికి మేడ కట్టారు. పైన నాలుగో స్విచ్ పెట్టి ల్యాబ్‌కు ఒక గిగాబిట్ కేబుల్, లైబ్రరీకి ఒకటి వేశారు. దాని సంఖ్య 40. ల్యాబ్ మీదుగా దానికి ఖర్చు 8, లైబ్రరీ మీదుగా కూడా 8. ఇక్కడ కబురు పంపినవారి సంఖ్య చూస్తారు. ల్యాబ్‌ది చిన్నది కాబట్టి ల్యాబ్ వైపు పోర్టు రూట్ పోర్టు అవుతుంది. లైబ్రరీకి, మేడకు మధ్య కేబుల్‌లో లైబ్రరీ ఖర్చు 4, మేడ స్విచ్ ఖర్చు 8. లైబ్రరీ కొస బాధ్యత తీసుకుంటుంది, మేడ మీది కొస మూతపడుతుంది. మొత్తం అయిదు కేబుళ్లు, తెరిచి ఉన్నవి మూడు, ఒక కొసన మూసినవి రెండు. ఇందాక చెప్పిన లెక్క సరిపోయింది.

ఇంకో సందర్భం. ఆఫీసుకూ ల్యాబ్‌కూ మధ్య రెండు కేబుళ్లు పక్కపక్కనే వేశారు. రూట్ ఒకటే, ఖర్చు ఒకటే, పంపిన స్విచ్ కూడా ఒకటే. అప్పుడు నాలుగో సంగతి తేలుస్తుంది. ఆఫీసు స్విచ్ ఏ పోర్టు నుంచి పంపిందో చూసి, చిన్న పోర్టు సంఖ్య ఉన్న కేబుల్‌ను ల్యాబ్ ఎంచుకుంటుంది. ఇక్కడ చూసేది ల్యాబ్ తన పోర్టు సంఖ్యను కాదు, పంపినవారి పోర్టు సంఖ్యను. నెట్‌వర్క్ నేర్చుకునే విద్యార్థులు పొరబడేది ఈ ఒక్క చోటే ఎక్కువ.

మూసిన పోర్టు చెవులు మూసుకోదు

మూసిన పోర్టు నిద్రపోతోందనుకోకూడదు. మామూలు ఫ్రేములను అది లోపలికి రానివ్వదు, బయటికి పంపదు. కానీ అవతలి స్విచ్ రెండు సెకన్లకొకసారి పంపే కబురును మాత్రం వింటూనే ఉంటుంది. ఆ కబురు వస్తున్నంతకాలం తాను మూసి ఉండడమే సరి అని దానికి తెలుసు.

ఆఫీసు నుంచి లైబ్రరీకి ఉన్న కేబుల్ తెగిందనుకుందాం. లైబ్రరీ తన రూట్ పోర్టును పోగొట్టుకుంది. ల్యాబ్ వైపు మూసి ఉంచిన పోర్టులో రూట్ కబురు వినబడుతూనే ఉంది కాబట్టి అదే కొత్త రూట్ పోర్టు అవుతుంది. అయితే వెంటనే తలుపు తీయదు. తొందరపడి తీస్తే పాత దారి ఎక్కడో తెరిచే ఉండి క్షణకాలం గుండ్రం ఏర్పడవచ్చు. అందుకని 15 సెకన్లు వింటుంది, ఇంకో 15 సెకన్లు ఎవరు ఎటు ఉన్నారో పట్టిక రాసుకుంటుంది, ఆ తరవాత ఫ్రేములు నడుపుతుంది. మొత్తం 30 సెకన్లు. కేబుల్ తన దగ్గర కాక దూరంగా తెగితే, పాత కబురుకు గడువు తీరేదాకా మరో 20 సెకన్లు ఆగాలి. అప్పుడు 50 సెకన్లు.

ఎవరూ నిచ్చెన ఎక్కలేదు, ఎవరికీ ఫోన్ చేయలేదు. నిమిషం లోపే లైబ్రరీ మళ్లీ నెట్‌వర్కులోకి వచ్చింది. "వాడని కేబుల్‌కు డబ్బెందుకు?" అన్న ప్రశ్నకు ఇదే జవాబు. మోటారు బండికి స్టెప్నీ టైరు ఎందుకో ఇదీ అందుకే.

ఆ 50 సెకన్లు కూడా ఎక్కువే అనిపించి 2001లో ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ అనే కొత్త రూపం తెచ్చారు. పక్కపక్క స్విచ్‌లు గడియారం చూస్తూ కూర్చోకుండా ఒకదాన్నొకటి అడిగి ఒప్పుకుంటాయి. మూసి ఉన్న పోర్టుకు అందులో ఆల్టర్నేట్ పోర్టు అని పేరే పెట్టారు, అంటే ప్రత్యామ్నాయం. కేబుల్ తెగితే చాలా సందర్భాల్లో ఒకటి రెండు సెకన్లలోపే అది పని అందుకుంటుంది. ఏ పోర్టు మూయాలన్న లెక్క మాత్రం పాతదే.

వినడం ఆగిపోతే: బోస్టన్ ఆసుపత్రి పాఠం

మూసిన పోర్టు వింటున్నంతకాలమే క్షేమం అన్నాం. కబురు అందకపోతే అది ఏమనుకుంటుంది? అవతలి దారి తెగిపోయింది, ఇక నేను తెరుచుకోవాలి అనుకుంటుంది. నిజంగా తెగితే అది సేవే. తెగకుండానే కబురు దారిలో ఆలస్యమైతే, లేదా బరువు ఎక్కువై స్విచ్ కబురు పంపలేకపోతే, తెరవకూడని తలుపు తెరుచుకుని గుండ్రం ఏర్పడుతుంది.

ఇలాంటి ఆపదకు అందరూ చెప్పుకునే ఉదాహరణ అమెరికాలోని బోస్టన్ నగరంలో ఉన్న బెత్ ఇజ్రాయెల్ డీకోనెస్ మెడికల్ సెంటర్. 2002 నవంబరు 13న ఆ పెద్ద ఆసుపత్రి నెట్‌వర్క్ కుంటుపడడం మొదలైంది. స్పానింగ్ ట్రీ గడియారాలను ఒక కొస నుంచి ఇంకో కొసకు ఏడు స్విచ్‌లకు మించకూడదన్న అంచనాతో నిర్ణయించారు. ఆసుపత్రి ఏళ్ల తరబడి పెరుగుతూ, ఒకదానికొకటి స్విచ్‌లు తగిలించుకుంటూ పోవడంతో నెట్‌వర్క్ ఆ హద్దు దాటింది. దాని మీద పెద్ద మోతాదులో సమాచారం ఒక్కసారిగా పడింది. నియమం పట్టు తప్పింది, ఫ్రేములు గుండ్రంగా తిరిగాయి. సుమారు నాలుగు రోజుల పాటు వైద్యులు, నర్సులు కాగితాల మీద పని నడిపించవలసి వచ్చింది. అప్పటి కంప్యూటర్ విభాగం అధిపతి జాన్ హలమ్కా ఏమీ దాచకుండా జరిగిందంతా బయటపెట్టడంతో ఇతర ఆసుపత్రులు కూడా తమ నెట్‌వర్కులు సరిచూసుకున్నాయి.

అక్కడ డబ్బుకు కొరత లేదు, యంత్రాలకు కొరత లేదు. నెట్‌వర్క్ పెరిగినంతగా దాని పటం పెరగలేదు. మనకు కావలసిన పాఠం అదే.

వదిలేస్తే అది ఎంచుకుంటుంది, చెబితే మనం ఎంచుకోవచ్చు

స్విచ్‌లు తీసుకునే నిర్ణయం ఎప్పుడూ నియమం ప్రకారమే ఉంటుంది. అది మన అవసరానికి తగినదై ఉంటుందన్న హామీ మాత్రం లేదు. ఎందుకంటే మ్యాక్ అడ్రస్‌కు మన బడి సంగతి తెలియదు.

ఇందాకటి బడికే ఒకరు మంచి మనసుతో పాత 100 మెగాబిట్ల స్విచ్ ఒకటి ఇచ్చారు, దాన్ని మేడ మీద కొత్తదాని స్థానంలో పెట్టారు అనుకుందాం. తయారీ కంపెనీలు సంఖ్యలు సాధారణంగా పెంచుకుంటూ పోతాయి కాబట్టి పాతవాటికి చిన్న సంఖ్య ఉండడం మామూలే. దీని సంఖ్య 5. అందరి ప్రయారిటీ 32768గానే వదిలేశారు. ఇప్పుడు రూట్ ఎవరు? మేడ మీది ఆ పాత స్విచ్.

మళ్లీ లెక్క చేద్దాం. ల్యాబ్‌కు, లైబ్రరీకి మేడ మీదికి ఖర్చు చెరి 19. ఆఫీసుకు ల్యాబ్ మీదుగా 23, లైబ్రరీ మీదుగా కూడా 23. ల్యాబ్ సంఖ్య చిన్నది కనుక ఆఫీసు ల్యాబ్ వైపే చూస్తుంది, లైబ్రరీ వైపు పోర్టును మూసేస్తుంది. ల్యాబ్‌కూ లైబ్రరీకీ మధ్య కేబుల్‌లో లైబ్రరీ కొస మునుపటిలాగే మూసి ఉంటుంది. ఫలితం చూడండి. ఇంటర్నెట్ ఆఫీసు గదిలోకే వస్తుంది. లైబ్రరీలో కూర్చున్న పిల్లవాడి పాఠం పక్కనున్న ఆఫీసు నుంచి నేరుగా రాదు. ఆఫీసు నుంచి ల్యాబ్‌కు, ల్యాబ్ నుంచి మేడ మీది పాత స్విచ్‌కు, అక్కడి నుంచి కిందికి లైబ్రరీకి వస్తుంది. రెండు గిగాబిట్ కేబుళ్లు చేతిలో ఉండగా అన్నిటికంటే నెమ్మదైన పెట్టె గుండా నడుస్తుంది. ఏ దీపమూ ఎర్రగా వెలగదు. "నెట్ స్లోగా ఉంది" అని మాత్రం అందరూ అంటారు, ఇంకో కనెక్షన్ కోసం ఇంకో దాతను వెతుకుతారు.

పాత వస్తువు ఇవ్వడం తప్పు కాదు. దాన్ని పెట్టేముందు ఒక పని చేస్తే చాలు. ఆఫీసు స్విచ్ ప్రయారిటీని 4096కు, ల్యాబ్ స్విచ్‌ది 8192కు తగ్గించాలి. ప్రయారిటీ 4096 చొప్పున మెట్లుగా మారుతుంది, తక్కువ అంకెదే గెలుపు. ఇక ఎన్ని పాత స్విచ్‌లు వచ్చినా రూట్ ఆఫీసులోనే ఉంటుంది. అది చెడిపోతే ల్యాబ్ ఆ స్థానంలోకి వస్తుంది. దీనికి ఖర్చు ఒక్క రూపాయి కూడా లేదు, తెలిసినవారి పది నిమిషాలు కావాలి.

ఇచ్చేముందు, ఇచ్చిన తరవాత

నెట్‌వర్కుకు సాయం చేసేవారు మనసులో పెట్టుకోవలసినవి కొన్నే.

మొదటిది, గదుల మధ్య కేబుళ్లు కలిసే చోట మేనేజ్డ్ స్విచ్ ఉండాలి. అయిదారు పోర్టుల చవక స్విచ్‌లలో చాలావాటికి ఈ నియమం తెలియదు. ఒకే కేబుల్ రెండు కొసలనూ అలాంటి స్విచ్‌కే గుచ్చితే తుఫాను అక్కడే పుడుతుంది. మేనేజ్డ్ స్విచ్ కొంచెం ఖరీదు, ఆ తేడా ఈ నియమానికీ దాన్ని మార్చుకునే వీలుకూ ఇచ్చేదే.

రెండోది, విద్యార్థుల కంప్యూటర్లు తగిలించే పోర్టులను చివరి పోర్టులుగా గుర్తు పెట్టించాలి. అప్పుడు కంప్యూటర్ తెరిచిన ప్రతిసారీ 30 సెకన్లు ఆగనక్కరలేదు. దానితోపాటే బీపీడీయూ గార్డ్ అనే కాపలా పెట్టించాలి. ఎవరైనా ఆ పోర్టుకు తెలియక ఇంకో స్విచ్ తగిలించి, దాని నుంచి బీపీడీయూ వస్తే ఆ ఒక్క పోర్టు మూతపడుతుంది, మిగతా బడి క్షేమంగా ఉంటుంది.

మూడోది, పటం. ఏ స్విచ్ ఎక్కడుంది, ఏ కేబుల్ ఎక్కడికి పోతోంది, రూట్ ఏది, ఏ పోర్టు మూసి ఉంది అన్నది ఒక కాగితం మీద గీసి పెట్టె తలుపు లోపలి వైపు అంటించాలి. కేబుళ్లకు రెండు కొసలా పేర్లు కట్టాలి. కొత్త గది కట్టిన రోజే పటం కూడా మార్చాలి.

నాలుగోది, పరీక్ష. ఏడాదికొకసారి సెలవు రోజున ప్రధాన కేబుల్ పీకి చూడాలి. మూసిన పోర్టు తెరుచుకుని పని నడిచిందా, ఎంతసేపు పట్టింది అన్నది పటం కిందనే రాసుకోవాలి. స్టెప్నీలో గాలి ఉందో లేదో నడిరోడ్డు మీద తెలుసుకోవడం ఎవరికీ మంచిది కాదు.

ఈసారి మీరిచ్చిన నెట్‌వర్క్ చూడడానికి వెళ్లినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. రూట్ స్విచ్ ఏది, దాన్ని ఎవరు ఎంచారు? మూసి ఉన్న పోర్టు ఏది, ఎందుకు? ప్రధాన కేబుల్ తీస్తే ఎంతసేపట్లో అది తెరుచుకుంటుంది? మూడింటికీ జవాబు చెప్పగలిగినవారు ఆ బడిలో ఒక్కరున్నా మీ డబ్బు సరైన చేతుల్లో ఉన్నట్టే. లేకపోతే వచ్చే ఏడాది ఇంకో స్విచ్ కొనివ్వకండి, ఒక ఉపాధ్యాయుడికి శిక్షణ ఇప్పించండి.